తప్పు చెప్పని పిల్లలు కావలెను

మన బీఈడీ కాలేజీల్లో లెక్కల టీచర్ల, సైన్సు టీచర్ల తయారీ నిక్షేపంగా సాగుతోంది. లోపమల్లా ఆ తర్వాత హైదరాబాద్ సర్కారు హైస్కూళ్లలో వాళ్ల ఎదుట కూర్చునే పిల్లల్లోనే ఉందని సవినయంగా మనవి చేస్తున్నాం.

తోటివాళ్లనే పిల్లలనుకుని చిన్న పాఠం చెప్పి చూసుకునే మైక్రో టీచింగ్‌నే తీసుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు పాఠం సరిదిద్దుకోవడం, మళ్లీ 6 బోధన, 6 ఫీడ్‌బ్యాక్. వెరసి 36 నిమిషాలు. బెంచీల మీద ఏడో తరగతి పిల్లల వేషంలో బీఎస్సీ పాసైన తోటి ఛాత్రోపాధ్యాయులు, అంటే శిక్షణలో ఉన్న టీచర్లే. ‘త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎంత?’ అనగానే ‘180 డిగ్రీలు మేడమ్’ అని ముక్తకంఠంతో చెబుతారు. రేపు తామూ అక్కడే నిలబడాలి కాబట్టి ఎవరూ నోరుజారి కూడా తప్పు చెప్పరు.

ఇంత పకడ్బందీగా తయారైన టీచరుకు మనం అప్పగించేదెవరిని? బిహార్ నుంచి సెంట్రింగ్ పనికొచ్చిన మేస్త్రీ కొడుకుని, పాలమూరు నుంచి వలసొచ్చిన కూలీ కూతుర్ని, అయిదు దాకా ఉర్దూ మీడియంలో చదివిన అమ్మాయిని. పాఠ్యపుస్తకంలో ఓ పక్క ఇంగ్లిష్, ఇంకో పక్క తెలుగు అచ్చేసి ఇచ్చినా, రెండు పక్కలూ సమానంగా అర్థం కాని పిల్లలుంటే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది?

0.35, 0.7లలో ఏది పెద్దదని టీచరు అడుగుతాడు. పాఠ్యపథకంలో ‘విద్యార్థి చర్య’ అన్న గడిలో 0.7 అని రాసే ఉంది. కుర్రాడు దాన్ని చదవకుండానే ‘0.35 సార్, ఏడు కన్నా ముప్పై అయిదు పెద్దది గదా’ అంటాడు. చుక్క తర్వాత అంకెలెక్కువుంటే పెద్దదనుకోకూడదని కసిరితే, వాడు ఈసారి అంకెలు తక్కువున్నదే పెద్దదని ఖాయం చేసుకుని 0.62 కన్నా 0.4 పెద్దదంటాడు. నూరు గళ్ల చదరం గీయించి ఒకసారి 35 గళ్లకు, ఒకసారి 70 గళ్లకు రంగు వేయిస్తే అయిదు నిమిషాల్లో తేలే సంగతి ఇది. కానీ ఆ అయిదు నిమిషాలు పాఠ్యపథకంలో శీర్షికా ప్రకటనకూ పునశ్చరణకూ మధ్య ఎక్కడా కేటాయించి లేవు.

సైన్సు సంగతి ఇంకా బాగుంటుంది. వోల్టేజీకి తగ్గట్టే కరెంటూ పెరుగుతుందనే ఓమ్ నియమానికి ప్రయోగాల రికార్డులో రంగు స్కెచ్చులతో వేసిన వలయం కళ్లకద్దుకునేలా ఉంటుంది. తరగతిలో నిక్రోమ్ తీగ దొరక్క టార్చి బల్బు పెడతారు. వోల్టేజీ పెంచేకొద్దీ ఫిలమెంటు వేడెక్కి నిరోధం పెరుగుతుంది, గ్రాఫులో సరళరేఖ రావాల్సింది వంగి కూర్చుంటుంది. ఆ వంపే అసలు పాఠం. అయినా ‘బుక్కులో ఉన్నట్టు రాసుకోండి’ అన్నదే ఆనవాయితీ. రీడింగు తీసేటప్పుడు మాత్రమే కీ మూయాలనీ, అమ్మీటరును శ్రేణిలో కాక సమాంతరంగా కలిపితే కాలిపోవచ్చనీ చాలామందికి మొదటి అమ్మీటరు పోయాకే తెలుస్తుంది. ఆ అమ్మీటరు స్టాకు రిజిస్టరులో ‘పనిచేయుచున్నది’గానే కొనసాగుతుంది.

ప్రాక్టీసు చాలదందామా అంటే, టీచర్ల శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు బీఈడీని రెండేళ్లు చేసి, 20 వారాలు బడికి పంపమన్నాయి. పంపుతున్నారు. సెలవు పెట్టిన సారు పీరియడ్లు సర్దడంలో, భోజనం లైను చూడటంలో ఛాత్రోపాధ్యాయులకు తిరుగులేని అనుభవం వస్తోంది. ఇక టీచరు అర్హత పరీక్ష టెట్ పేపర్-2లో 150 నిమిషాలకు 150 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు. పిల్లాడు చెప్పేది ఎప్పుడూ అయిదోది.

మైక్రో టీచింగ్‌లో ఇద్దరిని నిజం పిల్లల్లా తప్పు జవాబులు చెప్పే పనికి నియమించాలని కొందరు అతివాదులు అంటున్నారు. నియమించవచ్చు. మరుసటి నెలకే ‘ఆదర్శ తప్పుల రికార్డు’ స్పైరల్ బైండింగుతో కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో దొరుకుతుంది, బయటి పరీక్షాధికారి (ఎక్స్‌టర్నల్) వచ్చిన రోజు క్లాసంతా ముక్తకంఠంతో 0.35 అంటుంది.