డిమాండ్ ఏమిటో ఎక్కడ రాశారు?

నిరసనల వార్తల్లో గొడవే ముందుకొస్తోందన్న మీ వ్యాసం అక్షరాలా నిజం. ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1968 అక్టోబర్ 27న లండన్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వేలాది మంది ప్రదర్శన చేశారు. హింస తప్పదని పత్రికలు ముందే రాసేశాయి. ప్రదర్శన చాలావరకు ప్రశాంతంగానే సాగింది. అయినా మర్నాడు మొదటి పేజీకెక్కింది ఒక పోలీసును తన్నుతున్న ఫొటో!

ఇప్పుడు ఆ ఫొటో స్థానంలో వీడియో తెరవకముందే కనిపించే బొమ్మ, అదే థంబ్‌నెయిల్ వచ్చింది, అంతే. తగలబడుతున్న టైరు, దాని మీద ఎర్రక్షరాల్లో 'ఉద్రిక్తత'. జనం రోడ్డెక్కింది ఎందుకో ఎక్కడో చివర్లో ఒక్క ముక్క. 'ఘర్షణ చెలరేగింది' అంటారు, ముందు చెయ్యెత్తింది ఎవరో ఆ వాక్యంలో ఉండదు. పోలీసుల ప్రకటన మాత్రం యథాతథంగా వస్తుంది. ఎండలో కూర్చున్న మనిషి చేతిలోని ప్లకార్డు మీద ఏం రాసుందో చదివి చెప్పే విలేకరి కావాలి నాకు.