59 తప్పులు

2025 జూన్ 25, 26 తేదీల్లో బ్రూక్లిన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే తంతు, జరిగింది. రెండు రాత్రులు కూర్చోబెట్టి 59 మంది కుర్రాళ్ల పేర్లు పిలిచారు. వాళ్లలో పర్డ్యూ యూనివర్సిటీ వాడు ఒక్కడూ లేడు. కాబట్టి ఆ రెండు రాత్రుల్లో ఎన్‌బీఏ యాజమాన్యాలు చేసిన తప్పులు మొత్తం 59. అభిప్రాయమైతే వాదించుకోవచ్చు. ఇది కూడిక.

నా నిష్పాక్షికత మీద ఎవరికైనా అనుమానం ఉంటే ఇక్కడే తీర్చేస్తాను. నేను పర్డ్యూలో ఎమ్మెస్ చేశాను. 3 సెమిస్టర్ల వ్యవహారం. అప్పట్లో మా బాస్కెట్‌బాల్ జట్టు బిగ్ టెన్ అనే కాలేజీల లీగ్‌లో అట్టడుగున ఉండేది. నేను మా జట్టు ఆడే మ్యాకీ అరీనాలోకి అడుగుపెట్టింది రెండే రెండుసార్లు, అందులో ఒకటి మంచు కురుస్తుంటే బస్సు వచ్చేదాకా తలదాచుకోవడానికి. ఈమాత్రం దూరం పాటించినవాడికే అసలైన విమర్శనాదృష్టి అలవడుతుందని నా నమ్మకం.

మావాళ్లని బాయిలర్‌మేకర్స్ అంటారు. మా నాన్న విజయవాడ థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ సెక్షన్‌లోనే రిటైరయ్యారు. అడ్మిషన్ కాగితాలతో వచ్చిన స్టిక్కర్ మీద ఆ మాట చదివి, "బాయిలర్లు చెయ్యడానికి ఐటీఐ చాలదట్రా, దీనికి 20 లక్షల లోనెందుకు?" అన్నారు. చంద్రుడి మీద మొట్టమొదట కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ మా కాలేజీ, అక్కణ్ణుంచి చిట్టచివర కాలు తీసిన సెర్నాన్ కూడా మా కాలేజీయే నాన్నా అని చెప్పాక గానీ సంతకం పెట్టలేదు. అంత దూరం మనుషుల్ని పంపిన కాలేజీ నుంచి, 10 అడుగుల ఎత్తున్న రింగులో బంతి వేసేవాడు రాడనుకోవడం ఏ రకం స్కౌటింగో నాకు అంతుబట్టదు.

డ్రాఫ్ట్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మన ఎంసెట్ కౌన్సెలింగే, కాకపోతే తలకిందులు. ఏడాదంతా చిత్తుగా ఓడినవాడిది ముందు వరస. అదీ నేరుగా ఇచ్చెయ్యరు. 14 పింగ్‌పాంగ్ బంతుల్ని డబ్బాలో గిరగిరా తిప్పి నాలుగు పైకి లాగుతారు. అలా 1,001 రకాలుగా రావచ్చు. 2025లో అట్టడుగు మూడు జట్లకీ మొదటి సీటు దక్కే అవకాశం తలా 14 శాతం. ఆ ఏడాది యూటా జట్టు 82 మ్యాచ్‌ల్లో 65 ఓడింది. అన్ని ఓడాలంటే ఎంత క్రమశిక్షణ కావాలి! తీరా బంతులు తీస్తే యూటాకి ఐదో నంబరు వచ్చింది. మొదటి నంబరు 1.8 శాతం ఉన్న డాలస్‌ని వరించింది.

నేను ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హెచ్-1బీ లాటరీలో రెండుసార్లు పోయి మూడోసారి, అదీ ఓపీటీ ముగియబోతుండగా, తగిలినవాణ్ణి. శాతాలతో నాకు వ్యక్తిగత పరిచయం ఉంది. ఫిబ్రవరిలో తన స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్ లాంటి బంగారాన్ని లేకర్స్ జట్టు చేతుల్లో పెట్టేసిన డాలస్‌కి, మూడు నెలలు దాటీ దాటకుండానే పెరట్లో లంకెబిందెలు దొరికాయి. ఆ రాత్రి మా కాలనీలో నలుగురు టపాకాయలు కాల్చారు. వాళ్లలో ఇద్దరికి ఇంకా లాటరీ తగల్లేదు. ఎవరికి తగిలినా సంబరపడే స్థితికి చేరుకున్నారు పాపం.

అసలు సంగతికి వస్తాను. 2006 డ్రాఫ్ట్ నుంచి ఒక నియమం ఉంది. కుర్రాడికి 19 ఏళ్లు రావాలి, అమెరికావాడైతే ఇంటర్ లాంటిది అయ్యి ఏడాది గడవాలి. దాంతో మెరికల్లాంటి కుర్రాళ్లందరూ కాలేజీలో ఒక్క ఏడాది గడిపి వెళ్లిపోతున్నారు. అలా వెళ్లిపోయినవాడికి గిరాకీ. నాలుగేళ్లు ఆడి డిగ్రీ పూర్తిచేసినవాడు 22 ఏళ్లకే 'వయసు మళ్లినవాడు'. చదువు మధ్యలో మానేస్తే మొదటి ర్యాంకు, పూర్తిచేస్తే రెండో రౌండు! 2025లో ఫ్లోరిడా కాలేజీకి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టి, చివరి నాలుగు జట్లు తలపడే ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడనిపించుకున్న వాల్టర్ క్లేటన్ జూనియర్‌ని 18వ వాడిగా తీసుకున్నారు. కారణం ఏమిటయ్యా అంటే, అతను ఆడగలడని అప్పటికే తెలిసిపోయింది కాబట్టి. తెలిసిపోయినవాడిలో అప్‌సైడ్ ఉండదట.

ఈ అప్‌సైడ్ అనే మాటని డ్రాఫ్ట్ పండితులు దేవుడి పేరులా తలుచుకుంటారు. ఇంతవరకూ ఏమీ చెయ్యనివాడు ముందుముందు ఏదో చేస్తాడని తక్కినవాళ్లు పడే ఆశకి అది సాంకేతిక నామం. మా ఊళ్లో దీన్నే 'కుర్రాడు తెలివైనవాడేనండీ, చదవడంతే' అంటారు. ఆ మాట మీద మా ఇంటర్ లెక్చరర్లు నన్ను రెండేళ్లు మోశారు. ఎన్‌బీఏలో దీనికి కోట్లు ఇస్తారని అప్పుడే తెలిసుంటే పుస్తకం ముట్టుకునేవాణ్ణే కాదు.

చేతుల కొలత ఇంకొకటి. రెండు చేతులూ బార్లా చాపించి టేపు పెడతారు. దీన్ని అమెరికావాళ్లేదో తామే కనిపెట్టినట్టు 'వింగ్‌స్పాన్' అంటుంటే నవ్వొస్తుంది. మనవాళ్లు ఆజానుబాహువు అన్న మాట ఎప్పుడో పుట్టించి, దాని మీద రాముణ్ణి ఎంపిక చేసేశారు.

ఇప్పుడు జాక్ ఈడీ. టొరంటో కుర్రాడు, 7 అడుగుల 4 అంగుళాలు, చేతులు చాపితే 8 అడుగులకి అంగుళమో రెండో తక్కువ. 2023లోనూ 2024లోనూ దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడు మావాడే. వరసగా రెండేళ్లు అలా అనిపించుకున్నవాడు రాల్ఫ్ శాంప్సన్ తర్వాత మళ్లీ ఇతనే. నేను ఇతని మీద ప్రాణం పెట్టుకోవడానికి కారణం మాత్రం ఇవేవీ కావు. అతను కెనడావాడు కదా, ఎఫ్-1 వీసా మీద చదివాడు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చన్నారు. పక్కవాళ్లు కార్ల ప్రకటనల్లో నటించి లక్షలు జేబులో వేసుకుంటుంటే, దేశం మొత్తానికీ మేటి ఆటగాడు మాత్రం వీసా నిబంధనలకి జడిసి గమ్మునున్నాడు. వారానికి 20 గంటలు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ, పెట్రోల్ బంకు వైపు కన్నెత్తి చూడ్డానికి కూడా భయపడ్డ నాలాంటివాడికి అతను బాస్కెట్‌బాల్ ఆటగాడిలా ఎందుకు కనిపిస్తాడు? మా బ్యాచ్‌మేట్‌లా కనిపిస్తాడు.

అలాంటివాణ్ణి పండితులు మొదటి రౌండు చివరకో రెండో రౌండుకో తోసేశారు. మెల్లగా కదులుతాడట. పాత కాలపు ఆటట. పైగా మార్చి నెలలో జాతీయ కాలేజీ టోర్నీలో మావాళ్లు ఓడిన ఓటముల్ని బయటికి తీశారు.

ఆ ఓటముల గురించి నేను మాట్లాడను. వైద్యపరమైన కారణాలున్నాయి. అయినా చరిత్ర కాబట్టి ఒక్కసారి: 2021లో 13వ సీడ్ (సీడ్ నంబరు పెరిగేకొద్దీ జట్టు బలహీనమని లెక్క) నార్త్ టెక్సస్ చేతిలో, 2022లో 15వ సీడ్ సెయింట్ పీటర్స్ చేతిలో, 2023లో మేం ఒకటో సీడ్‌గా ఉండి 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58 తేడాతో. వీటిలో ఏ ఒక్కదానికీ బాస్కెట్‌బాల్ జట్టు ఉందని నాకు అంతకుముందు తెలియదు. మనవాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే చోట్లని మాత్రం బాగా తెలుసు. అంటే ఏటా మమ్మల్ని ఓడించినవాడు, ఏటా మా కజిన్స్‌కి ఐ-20 ఇచ్చినవాడూ ఒకడే. రెండు కాలేజీలు న్యూజెర్సీవి కావడంతో ఆ రాష్ట్రంలో బిర్యానీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మూడోది మరీ కష్టం. నార్త్ టెక్సస్ మా ఆవిడ చదివిన కాలేజీ. తన కాలేజీకి జట్టుందని తనకీ ఆ రాత్రే తెలిసింది. మర్నాటికల్లా ఆకుపచ్చ టీషర్టు ఆర్డర్ పెట్టింది. నాతో ఏ విషయంలో మాట తేడా వచ్చినా అదే తొడుక్కుంటుంది. వాదన అక్కర్లేదు, వచ్చి ఎదురుగా కూర్చుంటుంది అంతే.

2024 జూన్ 26 రాత్రి. మా అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి నెలైంది. సోఫాలో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. టీవీలో ఒక్కో కుర్రాడూ టోపీ పెట్టుకుని, కమిషనర్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చి ఫొటో దిగుతున్నాడు. ఎనిమిది టోపీలు అయిపోయాయి. ఏడో టోపీ డోనొవన్ క్లింగన్‌ది. ఆ ఏడు కాలేజీ టోర్నీ ఫైనల్లో మమ్మల్ని 75-60తో ఓడించిన కనెక్టికట్ జట్టు సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగువాడు. ఆ ఫైనల్లో ఈడీ ఒక్కడే 37 పాయింట్లు కొట్టాడు. నా గుండె రిమోట్‌లో కొట్టుకుంటోంది. తొమ్మిదో పేరు పిలిచారు: మెంఫిస్, జాక్ ఈడీ. నేను లేచి అరిచిన అరుపుకి చిక్కుడుకాయల పళ్లెం బోర్లాపడింది.

"ఎవర్రా ఆ అబ్బాయి, ఉద్యోగం వచ్చిందా?" అంది అమ్మ.

"మా కాలేజీయేనమ్మా. తొమ్మిదోవాడిగా తీసుకున్నారు."

"ఎంతవరకు చదివాడు?"

"నాలుగేళ్లూ పూర్తిచేశాడమ్మా. మధ్యలో మానెయ్యలేదు."

"మరి మొదటొచ్చినవాడు?"

"వాడు ఫ్రాన్స్ కుర్రాడు. అసలు కాలేజీకే వెళ్లలేదు."

అమ్మ కాసేపు టీవీ వంక చూసింది. తర్వాత కిందపడ్డ చిక్కుడుకాయలు ఏరుకుంటూ, "మీ నాన్నకి ఈ సంగతి చెప్పకు" అంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ విధానం మీద ఇంతకంటే సమగ్రమైన విమర్శని నేనింకా చదవలేదు.

మరుసటి ఏడు ఈడీ ఆల్-రూకీ మొదటి జట్టులో, అంటే లీగ్‌లో మేటి కొత్త ఆటగాళ్ల జాబితాలో, చేరాడు. అతన్ని కాదనుకున్న ఎనిమిది పిలుపుల మీద నేను ఏమీ అనను. ఆ ఎనిమిదింటినీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను, అంతే.

గిట్టనివాళ్లు కొందరు చరిత్ర ఎత్తుతారు. 1980లో గోల్డెన్ స్టేట్ వాళ్లు మా జో బ్యారీ క్యారల్‌ని మొదటివాడిగా తీసుకోవడం కోసం బోస్టన్‌తో బేరం కుదుర్చుకున్నారు. ఇటు నుంచి రాబర్ట్ ప్యారిష్‌నీ మూడో పిక్‌నీ (మూడోవాణ్ణి ఎంచుకునే వంతుని) ఇచ్చారు. అటు నుంచి ఒకటో పిక్కూ 13వ పిక్కూ వచ్చాయి. ఆ మూడో పిక్‌తో బోస్టన్ కెవిన్ మెక్‌హేల్‌ని తెచ్చుకుంది. ప్యారిష్, మెక్‌హేల్ లారీ బర్డ్ పక్కన నిలబడి 1981, 1984, 1986లో టైటిళ్లు పట్టుకుపోయారు. ఇందులో క్యారల్ తప్పేముందో చెప్పండి. అమ్మాయి నచ్చిందని ఎదురుకట్నంగా రెండెకరాల మాగాణి రాసిచ్చింది మీరు, ఆ పొలంలో తర్వాత ఆయిల్ పడితే కోడల్ని ఆడిపోసుకోవడం ఏం న్యాయం? క్యారల్ 1987లో లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికై ఆల్‌స్టార్ కూడా అయ్యాడు. ఒక్కసారే. ఆల్‌స్టార్ అంటే ఆల్‌స్టారే.

1994లో మొదటివాడు కూడా మావాడే. గ్లెన్ రాబిన్సన్, మిల్వాకీ. ఇంకా ఒక్క మ్యాచ్ ఆడకముందే 10 కోట్ల డాలర్లు కావాలని కూర్చున్నాడు. చివరికి పదేళ్లకి 6.8 కోట్ల దగ్గర తెగింది. దెబ్బకి ఠారెత్తిన యాజమాన్యాలు మరుసటి ఏడాది నుంచీ కొత్తవాళ్లకి నంబరు ప్రకారం జీతాల స్కేలు పెట్టేశాయి. ఇవాళ డ్రాఫ్ట్ మొదటి రౌండులో ప్రతి కుర్రాడూ మన పీఆర్‌సీ లెక్కన జీతం అందుకుంటున్నాడంటే అదంతా మావాడి చలవ. ఒక కాలేజీ కుర్రాడు మొత్తం వ్యవస్థనే సంస్కరించాడు. కృతజ్ఞతగా మాకు రావాల్సిన పిక్కులు ఎన్ని!

ఇవన్నీ మా బావమరిదికి ఎక్కవు. వాడు డ్యూక్‌లో చదివాడు. డ్యూక్ వాళ్లతో వాదన ఎలా ఉంటుందంటే, సొంత థియేటర్ ఉన్నవాడితో టికెట్ రేటు గురించి మాట్లాడినట్టుంటుంది. 2011లో ఇర్వింగ్, 2019లో జయాన్, 2022లో బ్యాంకెరో, 2025లో కూపర్ ఫ్లాగ్, అన్నీ మొదటి నంబర్లే. డాలస్‌కి తగిలిన ఆ లంకెబిందె కూడా వాళ్లదే. డ్రాఫ్ట్ మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బావా, మా ఫ్లాగ్ మీ ఊరొస్తున్నాడు. పప్పన్నం పెట్టి పంపించు."

"ఏప్రిల్‌లో హ్యూస్టన్ మీద ఆఖరి 35 సెకన్లలో 6 పాయింట్లు ముందుండి ఓడిపోయారే, అప్పుడు ఏం పెట్టారు మీ ఇంట్లో?"

అవతలి నుంచి చప్పుడు లేదు. సెమీఫైనల్, 70-67. ఇలాంటివి నేను వాడకుండా దాచుకుంటాను, అవసరం పడితే తీస్తాను. వాడు తేరుకుని, "మరి ఈసారి మీవాళ్లు ఎంతమంది బావా?" అన్నాడు. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

లేకపోవడానికి కారణం ఉంది, అది వాడికి చెప్పినా అర్థం కాదు. మావాళ్లు వెళ్లలేదు. వెళ్లే వీలున్నా బ్రేడెన్ స్మిత్ నాలుగో ఏడు కూడా మాతోనే ఉంటానన్నాడు. ఇండియానాలోనే పుట్టి పెరిగినవాడు, దేశంలో ఉత్తమ పాయింట్ గార్డ్‌కి, అంటే ఆటని నడిపించేవాడికి, ఇచ్చే బాబ్ కూజీ అవార్డు 2025లో అందుకున్నవాడు. ఎత్తు 6 అడుగులు. మనలో అయితే 'ఆరడుగుల అందగాడు' అని పెళ్లిచూపుల్లో కాఫీ రెండోసారి ఇస్తారు. ఎన్‌బీఏ పండితుల దృష్టిలో పొట్టివాడు. పొట్టివాడు, పైగా చదువు పూర్తిచేసినవాడు. అతన్ని ఎక్కడికి తొయ్యబోతున్నారో నాకు ఇప్పుడే తెలుసు. నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు ఉంచాను.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. క్షేమసమాచారాలయ్యాక, "ఆ పొడుగబ్బాయి ఎలా ఉన్నాడ్రా?" అంది. చీలమండకి ఆపరేషన్ అయిందని చెప్పాను. అయ్యో అంది. కాసేపాగి, "గ్రీన్‌కార్డు వచ్చిందా అతనికి?" అని అడిగింది.

"అతను కెనడాలో పుట్టాడమ్మా," అన్నాను. "వాళ్ల లైన్ వేరు."