రోజమ్మ తైల మాహాత్మ్యం

పోయిన నెల మా బావ నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో, జుట్టు మొలుస్తుందంటే నమ్మి, బొటనవేలంత నూనె సీసా కొన్నాడు. ధర 350 రూపాయలు. దాని మీద సూదుల్లాంటి పచ్చని ఆకుల బొమ్మ, కింద రోజ్‌మేరీ అని పేరు. మా పెద్దమ్మ నోరు తిరగక దాన్ని రోజమ్మ అంటుంది. 350 పెట్టి తెచ్చుకున్న చుట్టం కాబట్టి నేనూ అట్లాగే పిలుస్తాను.

రోజమ్మ పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. తులసి, పుదీనాలకు దగ్గరి చుట్టమే. తులసి మా వాకిట్లోనే ఉంది గానీ, ఊరికే దొరికేదానికి మహిమ ఎక్కడుంటుంది?

శాస్త్రం లేదని ఎవరన్నారు? 2015లో ఒక పరిశోధన అచ్చయింది. బట్టతల వస్తున్న మగవాళ్ళు 100 మంది. సగం మంది రోజమ్మ నూనె రాసుకున్నారు, సగం మంది బట్టతలకు వాడే మినాక్సిడిల్ అనే మందు, రెండు శాతం ఉన్నది. మూడు నెలలకు ఎవరి నెత్తిన చూసినా పెద్ద తేడా లేదు. ఆరు నెలలకు రెండు వైపులా కాస్త కాస్త, ఇంచుమించు సమానంగా వచ్చింది. ఏమీ రాయకుండా ఊరుకున్న జట్టు మాత్రం అందులో లేదు.

మా బావ తొమ్మిదో రోజే ఫలితాలు ప్రకటించాడు.

వెంట్రుకల లెక్కింపు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. వరండాలో కుర్చీ, మెడకు తువ్వాలు. మా అక్క రిటర్నింగ్ ఆఫీసరు, పొయ్యి మీది ఇడ్లీలు వదిలేసి వచ్చి నిలబడాలి. మేనల్లుడు సెల్‌ఫోన్ లైటు పట్టాలి. నుదుటి పైభాగం మొదటి రౌండు, చెవుల పక్కలు రెండో రౌండు. "పదకొండు కొత్తవి!" అని బావ ఆధిక్యం ప్రకటించుకుంటాడు. "అండ్ల నాలుగు పాతవే" అని అక్క అభ్యంతరం. వెంటనే రీకౌంటింగ్. దువ్వెనకు వచ్చినవి చెల్లని ఓట్లు. ఈలోగా ఇడ్లీ పాత్ర అడుగంటి వాసన వస్తుంది, అయినా కౌంటింగ్ సిబ్బంది కదలడానికి వీల్లేదు. "నడినెత్తిల డిపాజిట్ కూడా దక్కలే బావా" అన్నాను. "నీకు కుళ్ళు బామ్మర్దీ" అన్నాడు.

కొబ్బరినూనెలో కలపకుండా నేరుగా పట్టించడంతో నెత్తి ఎర్రబడి ఒకటే దురద. అది మందు పనిచేస్తున్న గుర్తట.

ఈ ఆకు రెండు రెబ్బలు కూరలో పడితే ఎవరికీ ఏమీ కాదు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా అజీర్తికి ఆకునూ, ఒళ్ళునొప్పులకు నూనెనూ ఒప్పుకుంది. అదీ చాలాకాలంగా వాడుతున్నారన్న ఆధారంతోనే. నూనె సంగతి వేరు. అందులో కర్పూరం ఉంటుంది. తాగకూడదు. మూర్ఛలు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పసిపిల్లలు దాని జోలికి పోకూడదు. సీసా మీద ఈ ముక్క ఒక్కటీ లేదు, 'నూరు శాతం సహజం' అని మాత్రం ఉంది. గన్నేరుకాయ కూడా సహజమే.

ఇక్కడిదాకా నేనూ నవ్వుకున్నాను. పోయిన ఆదివారం మర్రిగూడ వైపు పెద్దమ్మను చూడటానికి వెళ్ళాక నవ్వు పోయింది. ఆమె చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మనిషి. మోకాళ్ళు వంగిపోయాయి, మెడ తిరగదు. ఆ షాపువాడు మోకాళ్ళకూ పనిచేస్తుందని బావకు ఎండు ఆకు పొట్లం అంటగట్టాడు. లీటరు నీళ్ళు అర లీటరు అయ్యేదాకా మరిగించి తాగాలట. ఆ రోజు నల్లా రాలేదు. పెద్దమ్మ బోరు నీళ్ళు పెట్టింది.

ఓరి దుర్మార్గుడా! మరిగిస్తే ఆవిరయ్యేది నీళ్ళురా, ఫ్లోరైడ్ కాదు. లీటరు సగమైతే అందులో ఫ్లోరైడ్ రెండింతలు చిక్కబడుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని దేశదేశాల్లో నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తారు. ఆ నల్లగొండ నడిబొడ్డున కొట్టు తెరిచి, ఈ నీళ్ళకే నడుము వంగిన ముసలామెను అవే నీళ్ళు చిక్కగా కాచుకుని తాగమంటావా? పొట్లానికి 200 తీసుకుని మరీ! సిగ్గు లేదూ?

గిన్నె ఎత్తి పెరట్లోకి నడిచాను. వెనక నుంచి పెద్దమ్మ కేకేసింది.

"పారబొయ్యకు కొడుకా, అల్లుని నెత్తికి పనికొస్తయి."