ఉద్దానం చదవలేని ఉద్దానం పరిశోధన

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో రక్తం, మూత్రం శాంపిళ్లు ఇవ్వని ఊరు దాదాపు లేదు. జీడితోటల మధ్య నుంచి సర్వే బృందాలు ఎన్నిసార్లు వచ్చి వెళ్లాయో ఊళ్లోవాళ్లకే లెక్క తెలియదు. సుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంతవరకూ తేలలేదు. నీళ్లలో సిలికానా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చే పనా అని వెతుకుతూనే ఉన్నారు. ఆ వెతుకులాటలో రాసిన పరిశోధన పత్రాలు కొన్ని ఉచితంగా చదువుకోవచ్చు. అన్నీ కాదు. డబ్బు కట్టి చదవాల్సిన జర్నల్‌లో ఒక్క పత్రానికి రెండు మూడు వేల రూపాయలు అడుగుతారు.

కొవిడ్ రోజుల్లో ఇలా జరగలేదు. 2020 జనవరి 11న చైనా శాస్త్రవేత్త ఝాంగ్ యోంగ్‌జెన్ బృందం వైరస్ జన్యుక్రమాన్ని అందరికీ కనిపించేలా పెట్టింది. పరీక్షలకూ టీకాలకూ పునాది అదే. ఏప్రిల్ చివరి వారం దాకా శ్రీకాకుళంలో, మే మొదటి వారం దాకా విజయనగరంలో ఒక్క కేసూ నమోదు కాలేదు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకున్న మన మత్స్యకారులు ఇళ్లకు చేరే రోజులవి. ఆ తర్వాత ఆస్పత్రులు నిండుతుంటే ఏ మందు వాడాలో తెలియక డాక్టర్లు పడ్డ టెన్షన్ మనం చూశాం. జూన్ 16న బ్రిటన్‌లో కొవిడ్ మందులను రోగులపై పరీక్షిస్తున్న రికవరీ ట్రయల్ ఒక కబురు చెప్పింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌తో వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో అయిదో వంతు తగ్గాయి. వారం తిరగకుండానే పూర్తి పత్రాన్ని ఉచితంగా చదివే చోట పెట్టారు. మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరికే ఇంజెక్షన్ అది.

తలుపులు బార్లా తీస్తే తప్పుడు పరిశోధనలూ జొరబడతాయని కొందరి భయం. నిజమే, ఐవర్‌మెక్టిన్ అనే మందు మీద వచ్చిన ఒక ప్రిప్రింట్‌ను (నిపుణుల పరిశీలనకు ముందే బయట పెట్టే పత్రాన్ని) 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు. కానీ నిపుణులు పరిశీలించి అచ్చేసే వైద్య జర్నల్ లాన్సెట్‌లోనే 2020 మే 22న వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పత్రం రెండు వారాలు కూడా నిలవలేదు. ఆ రోగుల వివరాలు చూపించమంటే వాటిని సమకూర్చిన సర్జిస్ఫియర్ కంపెనీ చూపించలేదు. అక్కడ మోసం దాగింది మూసిపెట్టిన డేటాలోనే.

పెద్ద ప్రచురణ సంస్థలు అప్పట్లో కరోనా పత్రాలకు మాత్రమే తాళం తీశాయి. ఉద్దానంలో ఏళ్ల తరబడి జనం చనిపోతున్నా దాన్ని ఎవరూ మహమ్మారి అనలేదు, కాబట్టి ఆ తాళం అలాగే ఉంది. ప్రాణాంతక ఎబోలా వైరస్ ఆఫ్రికా దేశమైన లైబీరియాలోనూ ఉండొచ్చని 1982లోనే ఒక పత్రం హెచ్చరించింది. 2014లో అక్కడ వేలమంది పోయాక ఆ దేశ ఆరోగ్య అధికారులు ఆ సంగతి తెలుసుకున్నారు. అలాంటి పత్రం ఒక్కటి డౌన్‌లోడ్ చేసుకోవాలంటే 45 డాలర్లు, తమ డాక్టరుకు అర వారం జీతం అని వాళ్లు రాసుకున్నారు. ఆ మాట చదివినప్పుడు మాకు పలాస, మందస గుర్తొచ్చాయి.

కేంద్రం 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు మూడేళ్లకు రూ.6,000 కోట్లు ఇచ్చింది. మంచి పనే. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లు ఇప్పుడు వేల జర్నళ్లు చూడగలరు. అయితే ఇది చందా కట్టి తెచ్చుకున్న ప్రవేశం, అదీ విద్యాసంస్థలకూ కేంద్ర పరిశోధన సంస్థలకే. రోగిని మొదట చూసే పీహెచ్‌సీ డాక్టరు ఆ జాబితాలో లేరు. ఆమెకూ లాగిన్ ఇవ్వాలి. ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధనను ఉచితంగా అందుబాటులో పెట్టాలని బయోటెక్నాలజీ, సైన్స్ విభాగాలు 2014 డిసెంబరులోనే విధానం ప్రకటించాయి. దాన్ని గట్టిగా అమలు చేస్తే చందాల మీద అంత ఖర్చూ ఉండదు.

రాష్ట్ర వైద్యారోగ్య శాఖను మేం అడిగేది ఇంకొకటుంది. ఉద్దానంలో శాంపిల్ తీసుకునే ఏ బృందానికైనా అనుమతి ఇచ్చేటప్పుడే షరతు రాయాలి: పూర్తి పత్రం ఎవరైనా ఉచితంగా చదవగలిగేలా ఉండాలి, ఏం తేలిందో, ఏం తేలలేదో రెండు పేజీల తెలుగులో గ్రామ సచివాలయానికి చేరాలి. ఆ కాగితాన్ని ఆశా కార్యకర్త డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఇంట్లో కూర్చుని చదివి వినిపించగలగాలి. తర్వాతి సర్వే బండి ఊళ్లోకి రాకముందే ఈ ఉత్తర్వు వెలువడాలి.