సవరణ: కుంటుతున్న పోనీని నడిపించమన్నది తప్పు

పోయిన వారం మా పోనీ (పొట్టి జాతి గుర్రం) కుంటడం గురించి రాస్తూ, డెక్కలో చీము పట్టింది, గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాలు ముంచి రోజూ కాసేపు నడిపిస్తే సర్దుకుంటుంది అన్నాను. దయచేసి ఆ సలహా పాటించకండి. నిన్న వెటర్నరీ డాక్టర్ వచ్చి చూశారు, అది చీము కాదు, లామినైటిస్, అంటే డెక్క లోపలి పొరలు దెబ్బతినే జబ్బు.

చీము పడితే మామూలుగా ఒక్క కాలే కుంటుతుంది. మాదానికి ముందు కాళ్లు రెండూ నొప్పే, బరువంతా వెనక్కి తోసి ముందు కాళ్లు చాచి నిలబడేది, గుర్రాన్ని పెంచడం ఇదే మొదటిసారి కాబట్టి అది బద్ధకం అనుకున్నాను. డాక్టర్ నా వేళ్లు పట్టుకుని డెక్క పైనున్న కీలు వెనక పెట్టించారు, నాడి టకటకా కొట్టుకుంటోంది, డెక్క కూడా చేతికి వేడిగా తగిలింది. డెక్క గోడని లోపలి ఎముకతో పట్టి ఉంచేవి ఆ పొరలేనట, అవి దెబ్బతిన్నప్పుడు నడిపిస్తే ఆ పట్టు ఇంకా సడలి ఎముకే కిందికి జారిపోవచ్చు. నేను నాలుగు రోజులు నడిపించాను. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఇంకో తప్పు: బలం కోసం ఉలవ గుగ్గిళ్లు, బెల్లం పెట్టమన్నాను. పోనీలకు పిండిపదార్థం, చక్కెర ఎక్కువైనా ఈ జబ్బు వస్తుంది, అందుకే అవన్నీ ఆపించారు, పచ్చగడ్డి కూడా. ఇప్పుడు నీళ్లలో నానబెట్టి వంచేసిన ఎండుగడ్డి, పాకలో జానెడు మందాన రంపపు పొట్టు, పూర్తి విశ్రాంతి. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఆ పోస్ట్ చూసి ఎవరైనా నడిపిస్తుంటే ఇప్పుడే ఆపి డాక్టర్‌ని పిలిపించండి.