మహారాజశ్రీ టీకాల కార్డు గారికి

పాలమూరు నుంచి ఒక తల్లి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీరు మా బీరువాలో, ఇంటి కాగితాల పక్కన, ప్లాస్టిక్ కవరులో క్షేమంగా ఉన్నారు. మా పెళ్లి ఆల్బమ్‌కు కూడా ఆ భాగ్యం లేదు, అది అటకెక్కింది.

ముందుగా ఒక ఫిర్యాదు. మీ మొదటి పేజీల్లో నేనే మహారాణిని. బరువెంత, రక్తపోటెంత, హిమోగ్లోబిన్ ఎంత, 180 ఐరన్ మాత్రలు మింగానా లేదా అని ఎంత ఆరాటపడ్డారు! కాన్పయ్యాక 42 రోజుల దాకా పలకరించారు. 43వ రోజు నుంచి నేనెవరో మీకు తెలియదు. మిగిలిన పేజీలన్నీ పాపవే. రాత్రి రెండింటికి దాన్ని భుజాన వేసుకుని వరండాలో తిరిగే మనిషి బరువు ఎటు పోతోందో చూపే గీత మీలో ఎక్కడా లేదు. పోనివ్వండి, గీయమని అడగను. చూడాలని నాకూ లేదు.

మీ క్రమశిక్షణ మాత్రం మెచ్చుకోవాలి. పుట్టగానే బీసీజీ. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్. తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్-రుబెల్లా, విటమిన్ ఎ చుక్కలు. బుధవారమో శనివారమో హాజరు తప్పదు. మొదటి పెంటావాలెంట్ రాత్రి తొడ గట్టిపడి, ఒళ్లు కాలిపోయి పాప ఏడుస్తుంటే ఇంటిల్లిపాదీ నావైపే చూశారు, సూది నేనే పొడిచినట్టు. ‘బాగున్న పిల్లకు జ్వరం తెచ్చావు’ అన్నారు అత్తమ్మ. ఆ ఒక్క సూదిలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ క్రిమి, ఇన్నిటికీ అడ్డు ఉందని చెప్పాను. కోరింత దగ్గు పేరు వినగానే ఆమె మాట ఆగిపోయింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల వాడలో ఆ దగ్గు ఏ ఇంటినీ వదల్లేదట. ఆ తర్వాత తెల్లవార్లూ తడిగుడ్డ ఆమే మార్చారు. నాకు గంటన్నర నిద్ర దొరికింది. ఆ పద్దు మీ ఖాతాలోనే వేశాను.

ఇక మీ పెరుగుదల పటం. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లాడికి నీలం. తేడా చూపించడం పుట్టిన నెలనుంచే మొదలుపెట్టారు, చాలా సంతోషం. అంగన్‌వాడీలో కొక్కేనికి వేలాడే త్రాసులో పాపను కూర్చోబెట్టి, అది గోల చేస్తుండగా టీచరమ్మ చుక్క పెడుతుంటే నాకు పదో తరగతి ఫలితాల రోజు గుర్తొస్తుంది. చుక్క ఆకుపచ్చలో, అంటే వయసుకు తగ్గ బరువులో, పడితే ‘పిల్లది మావాళ్ల పోలిక’ అంటారు. వేసవిలో విరేచనాలు పట్టుకుని పసుపులోకి జారినప్పుడు మాత్రం ‘ఏం పెడుతున్నావమ్మా?’ అని నన్నే నిలదీశారు. వాళ్ల పోలిక ఆ నెల సెలవు పెట్టినట్టుంది. ఓఆర్‌ఎస్, 14 రోజుల జింక్ మాత్రలు, నెయ్యి వేసిన పప్పన్నం, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి ముద్దలు. ముద్దల్లో సగం నా చీరే తిన్నది. చివరికి చుక్క మళ్లీ ఆకుపచ్చలోకి ఎక్కింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మీరొక్కరే దాన్ని రాసి పెట్టుకున్నారు. ఇంత చిన్న మెచ్చుకోలు, ఇంత కచ్చితంగా, నాకు ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

మా జిల్లా నుంచి పనులకు ముంబై, పుణే వెళ్లే తల్లుల మూటల్లో గిన్నెలతో పాటు మీరూ ఉంటారు. అక్కడి నర్సు మరాఠీలో ఏమడిగినా సరే, మిమ్మల్ని చేతిలో పెడితే చాలు. మీ గళ్ల వరుస చూసి తర్వాత వేయాల్సిన సూది ఏదో ఆమె తెలుసుకుంటుంది. భాష రాని ఊళ్లో వాళ్ల తరఫున మాట్లాడే చుట్టం మీరే. వాళ్లతో పోలిస్తే నావి వరండా కష్టాలు. అయినా రాశాను, వరండా నాదే కదా.

మరొక మనవి. మీ వెనక అట్ట మీద పాలవాడి లెక్క రాసింది అత్తమ్మ. నేను చెరపలేను, ఆమె కూడికలో పదిహేను రూపాయలు నాకు లాభం.

పదహారు నెలలు నిండగానే బూస్టర్ ఉంది. ఈసారి మీ వెంట పాప తండ్రిని పంపుతున్నాను. సూది పడిన రాత్రి ఎవరు మేలుకున్నారో రాయడానికి ఒక గడి కేటాయించగలరు. సంతకం ఆయన చేతే పెట్టిస్తాను.

ఇట్లు,
గులాబీ పేజీ తల్లి