ఐదు నిమిషాలు కళ్ళు ఆడిస్తే మనసుకైన గాయం చెరిగిపోతుందా?

వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో ఒక సలహా తిరుగుతోంది. మాటలు అక్కడక్కడా మారినా సారాంశం ఒకటే: "యాక్సిడెంట్ కావచ్చు, చిన్నప్పటి వేధింపు కావచ్చు, ఎంత పాత గాయమైనా సరే. ఆ సంఘటనను గుర్తు తెచ్చుకుని, తల కదపకుండా కళ్ళను కుడికీ ఎడమకీ ఐదు నిమిషాలు ఆడించండి. కుడి మెదడు, ఎడమ మెదడు కలిసి ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తాయి. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు, డాక్టర్‌తో పనిలేదు. సంఘటన జరిగిన రోజే చేస్తే ఇంకా మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆమోదించింది."

చదివి పక్కన పెట్టేసేవాళ్ళకు దీనివల్ల నష్టమేమీ లేదు. ప్రమాదం తర్వాత మళ్ళీ బండెక్కలేకపోతున్నవాళ్ళు, చిన్నప్పుడు జరిగినదాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేకపోయినవాళ్ళు మాత్రం దీన్ని నమ్ముతారు. రాత్రి తలుపేసుకుని ఒంటరిగా ప్రయత్నిస్తారు. వాళ్ళను తలచుకునే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు చివరి మాట తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు ఊరికే వాడలేదు. 2013లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత పీడకలలు, ఉలికిపాట్లతో వెంటాడే మానసిక సమస్య) ఉన్న పెద్దలకూ పిల్లలకూ సూచించిన చికిత్సల్లో ఈఎండీఆర్ ఉంది. కళ్ళ కదలికలతో చేసే చికిత్స అంటే ఇదే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ కూడా 2018లో దీన్ని సిఫార్సు చేసింది, యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల విషయాన్ని మాత్రం మినహాయించింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో సీబీటీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) తరహా చికిత్సలకు గట్టి సిఫార్సు ఇచ్చి, దీనికి షరతులతో కూడిన సిఫార్సు ఇచ్చింది. ఇదంతా బూటకమని కొట్టిపారేసేవాళ్ళు కూడా ఈ విషయం గమనించాలి. కానీ ఈ సంస్థలన్నీ సిఫార్సు చేసింది శిక్షణ పొందినవాళ్ళు చేసే చికిత్సను. ఆ సందేశంలో ఉన్నది కంటి వ్యాయామం.

"కళ్ళు ఆడిస్తే చాలు" అన్నదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. 1987లో కాలిఫోర్నియాలో, ఈ చికిత్సను రూపొందించిన మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షాపిరో పార్కులో నడుస్తున్నారు. తనను వేధిస్తున్న ఆలోచనలు, కళ్ళు చకచకా అటూ ఇటూ కదిలినప్పుడు పదును తగ్గడం ఆమె గమనించారు. 1989లో 22 మందితో చేసిన అధ్యయనం ప్రచురించారు. మన సందేశం ఇక్కడే ఆగిపోయింది. షాపిరో ఆగలేదు. తర్వాతి సంవత్సరాల్లో ఆమె దీన్ని ఎనిమిది దశల చికిత్సగా పెంచారు. కళ్ళ కదలికలు మొదలయ్యేది నాలుగో దశలో.

అంతకుముందు ఏం జరుగుతుందో ఎవరూ రీల్‌లో చూపించరు. థెరపిస్టు మొదట మీ చరిత్రంతా తెలుసుకుంటారు: ఏం జరిగింది, నిద్ర ఎలా ఉంది, మందులేమైనా వాడుతున్నారా, ఉన్నట్టుండి ఒళ్ళు మీది కానట్టు, ఎక్కడున్నారో తెలియనట్టు అవుతోందా. తర్వాత సన్నాహం. భయం ఉప్పొంగినప్పుడు తనంతట తాను కుదుటపడటం ముందే నేర్పిస్తారు. ఇది కుదిరేదాకా గాయం జోలికి వెళ్ళరు. ఒక్కొక్కరికి ఈ దశకే చాలా రోజులు పడుతుంది. ఆ తర్వాతే ఒక జ్ఞాపకాన్ని ఎంచుకుంటారు. అందులో అన్నిటికంటే బాధపెట్టే దృశ్యం ఏది? దానితో పాటు మీ గురించి మీరు ఏమనుకుంటున్నారు? ప్రమాదంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి "అంతా నా వల్లే" అనుకుంటూ ఉండవచ్చు. బాధ సున్నా నుంచి పది దాకా ఎంతుందో చెప్పమంటారు. "చేయగలిగిందంతా చేశాను" అన్న మాటను ఎంతవరకు నమ్మగలుగుతున్నారో ఒకటి నుంచి ఏడు దాకా చెప్పమంటారు.

అప్పుడు మొదలవుతుంది, థెరపిస్టు అటూ ఇటూ కదిలించే వేళ్ళను కళ్ళతో చూడటం. అది కూడా ఏకబిగిన ఐదు నిమిషాలు కాదు. అర నిమిషమో, కొంచెం ఎక్కువో సాగి ఆగుతుంది. "ఇప్పుడేం వస్తోంది?" అని అడుగుతారు. వచ్చింది కోపం కావచ్చు, ఛాతీలో బిగుతు కావచ్చు, అసలు అనుకోని ఇంకో జ్ఞాపకం కావచ్చు. దాన్నిబట్టి ముందుకు వెళ్ళాలా, ఆగాలా అన్నది ఎదుటి మనిషి ముఖం చూస్తూ తేల్చుకోవాల్సిన విషయం. నా దృష్టిలో చికిత్స ఆయువుపట్టు ఇదే. అద్దం ముందు ఒంటరిగా కూర్చున్నవాళ్ళకు ఇది దొరకదు.

మరి కళ్ళ కదలికలు చేసే పనేమిటి? దీనిమీద పరిశోధకుల్లో వాదన ఇంకా ఉంది. 2001లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు కళ్ళు కదిలించినా కదిలించకపోయినా ఫలితంలో తేడా లేదన్నారు. 2013లో లీ, కైపర్స్ అనే ఇద్దరు మళ్ళీ లెక్కవేసి, కళ్ళు కదిలించడం వల్ల అదనపు మేలు ఉందని చూపించారు. ఎక్కువ బలమున్న వివరణ ఇది: మనసు ఒక క్షణంలో మోయగలిగింది కొంతే. భయంకరమైన దృశ్యాన్ని తలచుకుంటూనే కదిలే వేలిని చూడాలంటే ఆ దృశ్యానికి దక్కే చోటు తగ్గుతుంది. రంగు వెలుస్తుంది, దానితో వచ్చే భయం తగ్గుతుంది. అలా పలచబడిన రూపంలోనే జ్ఞాపకం మళ్ళీ నిలవవుతుంది. ప్రయోగశాలల్లో జ్ఞాపకాన్ని తలచుకుంటూ అంకెలు వెనక్కి లెక్కపెట్టినా ఇలాంటి ఫలితమే కనిపించింది. కాబట్టి మహిమ కంట్లో లేదు.

"కుడి మెదడు, ఎడమ మెదడు కలుస్తాయి" అన్నదానికి గట్టి ఆధారం లేదు. మెదడు రెండు భాగాలూ ఎప్పుడూ కలిసే పనిచేస్తుంటాయి.

"జ్ఞాపకం చెరిగిపోతుంది." చెరగదు. ఈఎండీఆర్ పూర్తిచేసినవాళ్ళకు జరిగినదంతా గుర్తుంటుంది. తేడా ఏమిటంటే, ఇప్పుడే జరుగుతున్నట్టు మీద పడే సంఘటన, జరిగి ముగిసిన సంఘటనగా అనిపిస్తుంది. ఈ తేడా ముందే తెలియడం చాలా అవసరం. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ చివరి రోజు మర్చిపోవాలని కోరుకోదు. మర్చిపోతానేమోనన్న భయంతో సాయం వద్దనే తల్లులూ ఉంటారు. కొడుకు ముఖం తలచుకున్న ప్రతిసారీ ఆస్పత్రి మంచమే కళ్ళ ముందుకు రాకుండా ఉంటే ఆమెకు చాలు.

"ఎంత పాత గాయమైనా ఐదు నిమిషాల్లో." నైస్ చెప్పేది మామూలుగా 8 నుంచి 12 సెషన్లని, ఒకటికి మించిన గాయాలుంటే అంతకంటే ఎక్కువని. సైకియాట్రిస్టు బెస్సెల్ వాన్ డెర్ కోక్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ చూడాలి. పీటీఎస్‌డీ ఉన్న 88 మందిలో కొందరికి ఎనిమిది వారాలు ఈఎండీఆర్, కొందరికి డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఈఎండీఆర్ తీసుకున్నవాళ్ళను ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తే, పెద్దయ్యాక దెబ్బతిన్నవాళ్ళలో 75 శాతం మంది లక్షణాలు దాదాపు లేని స్థితికి చేరారు. చిన్నతనంలో దెబ్బతిన్నవాళ్ళలో ఆ స్థితికి చేరింది 33 శాతం. ఇది మంచి ఫలితమే. అయితే చిన్ననాటి వేధింపును మోస్తున్నవాళ్ళకు ఎక్కువ కాలం, ఎక్కువ ఓపిక కావాలని కూడా ఇదే చెబుతోంది. ఐదు నిమిషాల మాట నమ్మి, చేసి, ఏమీ మారకపోతే వాళ్ళు ఏమనుకుంటారు? "అందరికీ పనిచేసింది, నాకే పనిచేయలేదు. నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటారు. అలాంటి మాటలు మోసి మోసి అలసిపోయిన మనుషులకు ఇంకొకటి కలిపి ఇవ్వడం నాకు కోపం తెప్పిస్తుంది.

"ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు" అన్నది సగం నిజం. జరిగినదాన్ని పూసగుచ్చినట్టు చెప్పమని ఈఎండీఆర్‌లో పట్టుబట్టరు. అత్యాచారానికి గురైనవాళ్ళకు ఇది నిజంగా పెద్ద ఊరట. కానీ వివరాలు చెప్పకపోవడం వేరు, పక్కన మనిషే లేకపోవడం వేరు.

"జరిగిన రోజే చేయండి." వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి సంఘటన ఎదురవుతుంది. వారిలో పీటీఎస్‌డీ దాకా వెళ్ళేది 5.6 శాతమే. మొదటి రోజుల్లో కావలసింది భద్రత, తిండి, నిద్ర, తనవాళ్ళు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు, ఆ చోటికి వెళ్ళలేకపోవడం తగ్గకపోతే అప్పుడు చికిత్స గురించి ఆలోచించాలి.

చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని భుజాలను మార్చిమార్చి తట్టుకునే సీతాకోకచిలుక కౌగిలి వీడియోలు కూడా ఈ సందేశంతో కలిసి వస్తున్నాయి. 1997లో మెక్సికోను కొట్టిన పాలీన్ తుఫాను తర్వాత, అకపుల్కోలో బాధితులతో పనిచేస్తూ లూసినా ఆర్తిగాస్ రూపొందించిన పద్ధతి అది. టెన్షన్‌గా ఉన్నప్పుడు ఊపిరి కుదుటపడటానికి చేసుకుంటే తప్పులేదు. భయంకరమైన దృశ్యాన్ని పనిగట్టుకుని తలచుకుంటూ ఒంటరిగా మాత్రం చేయవద్దు.

"డాక్టర్‌తో పనిలేదు" అన్నదానికి జవాబు, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడమే. మన దేశంలో 2001 గుజరాత్ భూకంపం తర్వాత ఇక్కడి నిపుణులకు ఈఎండీఆర్‌లో శిక్షణ ఇచ్చారు, అప్పటినుంచి నేర్చినవాళ్ళు పెరుగుతున్నారు. వెళ్ళేముందు కొన్ని అడగండి: క్లినికల్ సైకాలజిస్టా, సైకియాట్రిస్టా? రిజిస్ట్రేషన్ ఉందా? ఈఎండీఆర్ శిక్షణ విడిగా తీసుకున్నారా? కళ్ళ కదలికలకు ముందు సన్నాహానికి ఎంత సమయం ఇస్తారు? మొదటి రోజే నయం చేస్తామంటే వేరే చోటు చూసుకోండి. ఈఎండీఆర్ చేసేవాళ్ళు మీ ఊళ్ళో లేకపోతే ట్రామా కోసం చేసే సీబీటీ కూడా అంతే మంచి దారి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఈ వ్యాయామం చేసి గుండెదడ, పీడకలలు ఎక్కువైనవాళ్ళు దాన్ని అక్కడితో ఆపేసి, ఆ సంగతి చెప్పి సాయం అడగవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆ ఫోన్ రేపటికి వాయిదా వేయకండి, ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్ళను పక్కనే ఉండమనండి.